చేపల మీద నలభై ఆరు లైన్లు

1988 ఆగస్టు 2, మంగళవారం ఉదయం తొమ్మిదీ యాభైకి గురునాథరావు చేపల మీద నలభై ఆరు లైన్ల సందేశం పంపాడు. గురువారం సాయంత్రానికి ఆయనతో మాట్లాడే మనిషి ఆఫీసులో ఒక్కరు మిగిలారు. ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చిన్నది. సందేశం పంపేయాలి, పదిన్నరకి టీ తాగాలి, మధ్యాహ్నంలోగా మూడు ఫైళ్ళు చూడాలి. టీ తాగాడు. ఆ వారంలో అనుకున్నట్టు జరిగింది అదొక్కటే.

ఆయన హెడ్ క్లర్కుగా పనిచేసే క్రేన్ల కంపెనీకి విశాఖపట్నంలో మూడు చోట్ల మనుషులున్నారు. హార్బరు దగ్గర హెడ్డాఫీసు, గోపాలపట్నంలో గోడౌను, దువ్వాడ స్టేషను వెనక యార్డు. స్టీల్ ప్లాంటుకు వెళ్ళే సామాను గోడౌను నుంచి యార్డుకు పోతుంది. భోజనాలు హెడ్డాఫీసు క్యాంటీనులో వండితే, కేరేజీలు వ్యానులో మిగతా రెండు చోట్లకూ వెళ్తాయి. మేనేజరు భీమశంకరరావు అంతకు ముందు ఏడాది ఒక కంప్యూటరు తెప్పించాడు. జనవరి నుంచి దానిలో ఒక ఏర్పాటు చేయించాడు. ఎవరైనా ఒక మాట రాస్తే మూడు చోట్లా అందరూ చదవచ్చు, జవాబు రాయవచ్చు, ఆ జవాబునూ అందరూ చదవచ్చు. దాని పేరు చర్చావేదిక. ఆ పేరుతో దాన్ని పిలిచింది ప్రారంభోత్సవం రోజున మేనేజరు ఒక్కడే. మిగతావాళ్ళకు అది బోర్డు. ఏడు నెలల్లో బోర్డు మీదికి రెండు వందల పన్నెండు సందేశాలు వచ్చాయి. అందులో నూట నలభై క్యాంటీను గురించి.

బోర్డును నడిపేది గౌరీశ్వరి. తొమ్మిదేళ్ళు టెలెక్సు మీద పనిచేసి ఈ పనికి వచ్చింది. కంప్యూటరుకు తెలుగు అక్షరాలు తెలియవు కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొట్టేది. ఎవరు ఏ సిగరెట్టు పెట్టె మీద గిలికి ఇచ్చినా ఆమె చేతిలోంచి బయటికి వచ్చేసరికి అది చదవడానికి వీలుగా ఉండేది. లైనుకు అరవై అక్షరాలు మించనిచ్చేది కాదు. రెండు పేరాల మధ్య ఒక ఖాళీ లైను. వాదనలుంటే వాటికి నంబర్లు. అన్నిటికంటే పైన పంపినవారి పేరు, తేదీ, మొత్తం ఎన్ని లైన్లో ఆ లెక్క. ఎంత చదవాలో ముందే తెలిస్తే మనిషి ఓపిక పడతాడని ఆమె టెలెక్సులో నేర్చుకుంది. కంప్యూటరు బిగించడానికి మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు ఆ పద్ధతి చూసి, ఒక కాగితం మీద ఎత్తి రాసుకుని తీసుకెళ్ళాడు.

గురునాథరావుకు కూడా ఒక పద్ధతి ఉంది. అది సబ్బవరం హైస్కూల్లో వక్తృత్వ పోటీలకు తయారు చేసిన మాస్టారు నేర్పింది. ఎదుటివాడి మాట ముందు చెప్పాలి. వాడు చెప్పిన దానికంటే బాగా చెప్పాలి. తర్వాతే మన మాట. ముందుది పూర్వపక్షం, తర్వాతది సిద్ధాంతం. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన ఆ వరస తప్పలేదు. కూరలో ఉప్పు తక్కువైందని ఇంట్లో చెప్పాలన్నా, తక్కువైతే ఒంటికి జరిగే మేలు ముందు చెప్పేవాడు.

ఈసారి చర్చకు వచ్చింది చిట్టమ్మ సంగతి. చిట్టమ్మ జెట్టీ దగ్గర మనిషి. పదకొండేళ్ళుగా క్యాంటీనుకు సోమ, బుధ, శుక్రవారాల్లో చేపలు ఇస్తోంది. మొగుడు దాలయ్య పడవా, మరిద్దరి పడవలూ తెచ్చింది నలుగురు ఆడవాళ్ళ నెత్తిన బుట్టల్లో పెట్టించి ఏడున్నరకల్లా దించుతుంది. అన్ని చేపలు ఒక్కచోట, ఖచ్చితంగా తీసుకునే చోటు ఆమెకు ఇంకోటి లేదు. జులై ఆఖరున ఒక ఐసు కంపెనీ వాళ్ళు వచ్చి, వాన అయినా వరద అయినా మూడు రోజులూ చేప ఇస్తామన్నారు. భీమశంకరరావు బోర్డు మీద అడిగాడు: చిట్టమ్మను ఉంచాలా, మానిపించాలా? శుక్రవారం దాకా రాయండి, శనివారం తేలుస్తాను.

దువ్వాడ యార్డు ఐసు చేప కావాలంది. గోపాలపట్నం గోడౌను చిట్టమ్మ ఉండాలంది. గురునాథరావు చిట్టమ్మ వైపు. అందుకని ఆదివారం నాడు బస్సెక్కి దువ్వాడ వెళ్ళాడు.

యార్డు సూపర్‌వైజరు అప్పలసూరి, గురునాథరావు భార్య తాయారుకు అన్నగారు. అప్పలసూరి ఇంటి అరుగు మీద తొమ్మిది మంది యార్డు మనుషుల్ని కూర్చోబెట్టుకుని గురునాథరావు రెండు గంటలు వాళ్ళ ఫిర్యాదులు రాసుకున్నాడు. సముద్రం పోటెత్తిన రోజుల్లో పడవలు దిగవు, ఆ రోజు పప్పే గతి. వ్యాను దువ్వాడ చేరేసరికి ఒంటిగంట, అప్పటికి మిగిలేవి తలకాయలు. ముక్క ఒకడికి అరచేయంత, ఇంకొకడికి అణా బిళ్ళంత. వాళ్ళు ఈ మూడూ అరుస్తూ, ఒకరి మాట మీద ఒకరు పడుతూ చెప్పారు. గురునాథరావు వాటిని నంబర్లు వేసి, కిందటేడు చేపలు రాని రోజులు నలభై ఒకటని క్యాంటీను పుస్తకంలో చూసి చేర్చి, ఒక్క ఎగతాళి మాట లేకుండా రాశాడు. ఆ తర్వాత తన మాట రాశాడు.

మంగళవారం ఉదయం కాగితం గౌరీశ్వరికి ఇచ్చాడు. ఆమె కొట్టి చూసి, యార్డు పక్షం ఇరవై మూడు లైన్లు, ఆయన పక్షం ఇరవై ఆరు వచ్చాయని చెప్పింది.

"నాది మూడు లైన్లు తగ్గించమ్మా," అన్నాడు గురునాథరావు.

"మీ మాటే కదండీ, ఉంటే ఏటి?"

"తూకం ఏసేటప్పుడు మన పళ్ళెంలో ఏలు పెట్టకూడదు."

గౌరీశ్వరి మూడు లైన్లు తగ్గించింది. యార్డుకు ఇరవై మూడు, చిట్టమ్మకు ఇరవై మూడు. పైన లెక్క వేసింది: నలభై ఆరు. పంపింది.

గోపాలపట్నం గోడౌనుకు తెర లేదు. టెలిఫోనుకు తగిలించిన అచ్చు యంత్రం ఒకటుంది, వచ్చిన సందేశాన్ని అది లైను తర్వాత లైనుగా కాగితం మీద కొడుతుంది. కొడుతున్నంతసేపూ ఫోను పనిచేయదు. గోడౌనుకు ఉన్నది ఆ ఒక్క ఫోనే. స్టోర్‌కీపరు ఎల్లారావుకు లారీల వాళ్ళు ఫోను చేసేది ఆ వేళకే. అందుకని అతను ఒక నియమం పెట్టుకున్నాడు. పది లైన్లలోపు సందేశమైతే రానిస్తాడు. మించితే పైన లెక్క చూసి, సగం రాగానే యంత్రం ఊడదీసి ఫోను తగిలించుకుంటాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అతను చూసిన ప్రతి ఆఫీసు కాగితంలోనూ విషయం పైసగంలో ఉంది. కింద ఉండేవి సంతకాలు, నకళ్ళు, చిత్తగించవలెనులు. నలభై ఆరులో సగం ఇరవై మూడు. అతను ఇరవై మూడో లైను దగ్గర ఫోను పెట్టేశాడు.

దువ్వాడ యార్డులో తెర ఉంది. దాని మీద ఇరవై నాలుగు వరసలు పడతాయి. ఆఖరి వరస కంప్యూటరు తనకోసం ఉంచుకుంటుంది. మిగిలినవి ఇరవై మూడు. సందేశం అంతకంటే పెద్దదైతే పై లైన్లు పైకి ఎగిరిపోతాయి. వాటిని ఆపే మీట ఒకటుందని గౌరీశ్వరి జనవరిలో చెప్పింది. జనవరిలో అప్పలసూరి సెలవులో ఉన్నాడు. పంచాయితీలో ఆఖరున చెప్పిందే తీర్పు కాబట్టి, ఆఖరున తెర మీద నిలిచిందే మాట అని అతను ఇన్నాళ్ళూ నడుపుకొస్తున్నాడు. ఆ ఉదయం కూడా నిలిచింది చదివాడు. తర్వాత యార్డు వాళ్ళకు వినిపించడానికి నోటుపుస్తకంలో ఎత్తి రాసుకున్నాడు.

అలా చిట్టమ్మ కావాలన్న గోడౌను ఆమెకు వ్యతిరేకంగా ఉన్న ఇరవై మూడు లైన్లు చదివింది. చిట్టమ్మ వద్దన్న యార్డు ఆమె తరఫున ఉన్న ఇరవై మూడు లైన్లు చదివింది.

పదకొండున్నరకి గోపాలపట్నం నుంచి నాలుగు లైన్లు వచ్చాయి. గురునాథరావుగారు చిట్టమ్మ చేపల మీద మూడు నేరాలు మోపారనీ, ఆ చేపల్ని ఆయన పదకొండేళ్ళుగా తింటున్నారనీ, నేరాలు ఆయన కంట పడింది ఏ సంవత్సరంలోనో తెలియజేయాలనీ ఎల్లారావు రాశాడు. పావుగంటకి దువ్వాడ నుంచి ఐదు లైన్లు వచ్చాయి. మా బావ మా మాట వింటానని వచ్చి, మా ఇంట్లో రెండుసార్లు కూర మారు వేయించుకుని, రెండు గంటలు రాసుకుని, అందులో ఒక్క ముక్క రాయలేదు అని అప్పలసూరి రాశాడు.

గురునాథరావు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని విన్నాడు గానీ, రెండిటికీ ఒకేసారి కోపం రావడం ఆయనకు కొత్త.

గోపాలపట్నం వాళ్ళు దువ్వాడ జవాబు చదివారు. గురునాథరావు చిట్టమ్మను వెనకేసుకొచ్చాడని యార్డు ఏడుస్తోంది. కానీ తమ చేతిలో ఉన్న కాగితంలో వెనకేసుకొచ్చిన ముక్క ఒక్కటీ లేదు. దువ్వాడ వాళ్ళు గోపాలపట్నం జవాబు చదివారు. వాళ్ళకూ అదే లెక్క తిరగేసి తేలింది. బుధవారం ఉదయానికి రెండు చోట్లా ఒకే మాట పుట్టింది: గురునాథరావు ఊరికో కాగితం పంపుతున్నాడు. అలా పంపాలంటే గౌరీశ్వరి చేయి ఉండాలి కదా అని ఎవరో అన్నారు. మధ్యాహ్నానికి అది ఎవరో అనడం కాక అందరూ అనడం అయింది.

గౌరీశ్వరి పుస్తకం తీసి చూసుకుంది. రెండు చోట్లకూ నలభై ఆరు లైన్లు వెళ్ళినట్టు ఉంది. ఆమె యంత్రం పంపిన లైన్లు చెబుతుంది. చదివిన లైన్లు చెప్పదు.

ప్రతి బుధవారం సాయంత్రం చిట్టమ్మ గురునాథరావు ఇంటికని అరిటాకులో నాలుగు కానాగంత చేపలు కట్టి క్యాంటీనులో పెట్టేది. ఎల్లారావు ఆమెకు మేనల్లుడు. మంగళవారం రాత్రి భోజనాల దగ్గరే ఇరవై మూడు లైన్లూ వినిపించేశాడు. బుధవారం అరిటాకు లేదు. గురునాథరావు ఖాళీ సంచితో గోపాలపట్నంలోని తన ఇంటికి వెళ్ళేసరికి, అప్పలసూరి పంపిన మనిషి వచ్చి కబురు చెప్పి వెళ్ళిపోయాడు.

"మా అన్నయ్య మాట నువ్వు రాయలేదటేటి?" అని తాయారు గుమ్మంలోనే అడిగింది.

"రాశాను."

"మరి మా అన్నయ్యకి కోపమెందుకొచ్చింది?"

"రాయలేదని."

"చిట్టమ్మ సేపలెందుకివ్వలేదు?"

"రాశానని."

తాయారు, రాసినా తప్పయి, రాయకపోయినా తప్పయిందంటే తప్పు చేతిలో ఉందని తేల్చి, ఆ చేతికి ఆ రాత్రి మజ్జిగా అన్నం ఇచ్చింది. మాట ఇవ్వలేదు.

గురువారం ఉదయం గురునాథరావు సంజాయిషీ రాశాడు. ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ముందు తన మీద వచ్చిన నింద చెప్పాలి, వాళ్ళు చెప్పిన దానికంటే బాగా చెప్పాలి. చిట్టమ్మ ఉప్పు తిని ఆమెను మానిపించమన్నవాడు ఎంతటివాడో, అలాంటివాడిని ఏం చేయాలో ఇరవై మూడు లైన్లు రాశాడు. తర్వాత ఇరవై మూడు లైన్లలో, తాను అలాంటివాడు కాదనీ, చిట్టమ్మ చేపకు ఐసు చేప సాటి రాదన్న మాట మీదే ఉన్నాననీ, కాదనేవాళ్ళు తన మొదటి సందేశాన్ని కళ్ళు తెరిచి చదవాలనీ రాశాడు.

గోపాలపట్నం మొదటి సగం చదివి, నేరం ఒప్పుకున్నాడని సంతోషించింది. ఒప్పుకున్నా క్షమించేది లేదని రాసింది. దువ్వాడ రెండో సగం చదివి, మా బావ ఇప్పుడు మమ్మల్ని గుడ్డివాళ్ళంటున్నాడు అని రాసింది.

గురునాథరావు అవతలివాళ్ళ మనిషేనని రెండు చోట్లా తేల్చుకున్నారు. అంతటితో గోడౌనూ యార్డూ ఒకదానితో ఒకటి కూడా మాట్లాడుకోవడం మానేశాయి. గురువారం మధ్యాహ్నం గోడౌను నుంచి ఇనుప గొలుసుల లారీ యార్డుకు వెళ్ళింది. వెంట చీటీ లేదు. చీటీ రాయడమంటే యార్డుకు ఉత్తరం రాయడమే కదా అని ఎల్లారావు మానుకున్నాడు. చీటీ లేని సామాను దించేది లేదని అప్పలసూరి లారీని వెనక్కి పంపాడు. దించని సామాను తీసుకునేది లేదని ఎల్లారావు మళ్ళీ పంపాడు. ఐదు గంటలకు డ్రైవరు కన్నబాబు లారీని మధ్యలో ఒక హోటలు ముందు ఆపి, హెడ్డాఫీసుకు ఫోను చేసి, ఈ గొలుసులు ఎవరి ఇంటికి తోలమంటారో చెబితే అక్కడికే తోలుతానన్నాడు.

భీమశంకరరావు గురునాథరావును పిలిచాడు. ఆయన సందేశాన్ని మొత్తం చదివిన ఇద్దరిలో భీమశంకరరావు ఒకడు. రెండోది గౌరీశ్వరి. మొత్తం చదివినందువల్లే, మిగతావాళ్ళు సగమే చదివారన్న అసలు కారణం ఆయనకు తట్టలేదు.

"మీరు ఇద్దరి మాటా రాశారు, ఇద్దరికీ కోపమొచ్చింది. ఒకరిదే రాసుంటే ఒకరికే వచ్చేది," అన్నాడు.

రేపు పదింటికి రెండు చోట్ల నుంచీ మనుషులు వస్తున్నారనీ, ఈ గొడవ అక్కడ తేలకపోతే శనివారం నుంచి బోర్డు మూసేస్తాననీ, క్యాంటీనుకు ఐసు కంపెనీయే నయమనీ చెప్పాడు. ఐసు కంపెనీ వాళ్ళు బోర్డు చదవరు.

గురునాథరావు బయటికి వచ్చి గౌరీశ్వరి గదిలో కూర్చున్నాడు. ఆయనతో మాట్లాడే ఆ ఒక్క మనిషీ ఆమే.

"ఇంక నా మాట నాను రాసుకుంతే సరిపోదేటి గౌరీ," అన్నాడు. "అవతలోడి మాట నాకెందుకు."

గౌరీశ్వరి మంగళవారం సందేశం తీసి మొదటి సగం మళ్ళీ చదివింది. నూట నలభై క్యాంటీను సందేశాలు తన చేత్తో కొట్టాననీ, దువ్వాడ వాళ్ళకు కావలసింది ఏమిటో తనకు అర్థమైంది ఇది కొడుతున్నప్పుడేననీ చెప్పింది. గురునాథరావు ఇంటికి వెళ్ళి మజ్జిగ తాగాడు.

శుక్రవారం ఉదయం పదింటికి క్యాంటీను హాల్లో బల్లలు గోడకు జరిపారు. ఎల్లారావు అచ్చు కాగితం చుట్ట పట్టుకుని వచ్చాడు. అప్పలసూరి నోటుపుస్తకం పట్టుకుని వచ్చాడు. బావగారు ఎదురుగా ఉన్నా అటు చూడలేదు. చిట్టమ్మ ఆ రోజు బుట్టలు దింపించి వెళ్ళిపోకుండా ఉండిపోయింది. కుర్చీ వేస్తే వద్దని, వంటగది గడప దగ్గర నేల మీద కూర్చుంది.

భీమశంకరరావు గొంతు సవరించుకున్నాడు. ఆయన మొదలుపెట్టే లోపల చిట్టమ్మ అంది:

"నాకు సదువు రాదు బాబూ. నా మీద రాసింది నా ముందర సదవండి. మా ఎల్లిగాడు సెప్పింది ఇన్నాను, కాయితం సెప్పింది ఇనలేదు."

గౌరీశ్వరి తన దగ్గరున్న ప్రతి తీసి చదవడం మొదలుపెట్టింది. లైను లైనుకూ ఆగి, నంబర్లు ఉన్నచోట నంబరు పైకి చెబుతూ చదివింది. ఐదో లైను దగ్గర అప్పలసూరి తల ఎత్తాడు. పదో లైను దగ్గర నోటుపుస్తకం తెరిచి పేజీలు తిప్పాడు. పదిహేనో లైనుకు లేచి నిలబడ్డాడు.

"ఇయన్నీ మా మాటలే," అన్నాడు. "ఇవి మాకెందుకు రాలేదు?"

"కూకో బాబూ, ఇంకా సదువుతంది," అంది చిట్టమ్మ.

అప్పలసూరి కూర్చున్నాడు. ఇరవై మూడు అయ్యాయి. ఎల్లారావు అక్కడికి అయిపోయిందనుకుని కాగితం చుట్ట మడుస్తున్నాడు. గౌరీశ్వరి ఆపకుండా ఇరవై నాలుగో లైను చదివింది. ఇక నా మాట, అని ఉంది అందులో. ఎల్లారావు చుట్ట విప్పి, ఆఖరు దాకా చూసి, తిరగేసి వెనకపక్క కూడా చూశాడు.

"ఇది నాకు రాలేదండి."

"అది మాకొచ్చింది," అన్నాడు అప్పలసూరి.

గౌరీశ్వరి చదవడం ఆపి, ఇద్దరి చేతుల్లో ఉన్నవీ అడిగి తీసుకుని బల్ల మీద ఒకదాని కింద ఒకటి పెట్టింది. అచ్చు కాగితం ఇరవై మూడో లైనుతో ముగిసింది. నోటుపుస్తకం ఇరవై నాలుగో లైనుతో మొదలైంది. మధ్యలో ఒక్క మాట పోలేదు, ఒక్క మాట రెండుసార్లు రాలేదు. ఎల్లారావును అడిగింది. అతను ఫోను సంగతీ, సగం లెక్కా చెప్పాడు. అప్పలసూరిని అడిగింది. అతను పైకి ఎగిరిపోయే లైన్ల సంగతి చెప్పాడు. లైన్లు అలా ఎగిరిపోవడం కంప్యూటరు మర్యాద అనుకున్నానన్నాడు. పెద్ద ఉత్తరాల్లో పైన ఉండేవి ఎలాగూ క్షేమసమాచారాలే కదా అన్నాడు.

భీమశంకరరావు రెండు కాగితాల మీదికీ వంగి చూశాడు. సందేశాన్ని సమానంగా కొలిచి ఇచ్చిన మనిషి ఆయన వెనక నిలబడి ఉన్నాడు.

"మూడు లైన్లు నాది ఎక్కువొచ్చాయండి మొదట," అన్నాడు గురునాథరావు. "నానే తీయించాను."

ఎవరూ నవ్వలేదు. చిట్టమ్మ మిగతాది చదవమంది. గౌరీశ్వరి ఇరవై నాలుగు నుంచి నలభై ఆరు దాకా చదివింది. చదవడం అయ్యాక హాల్లో ఉన్నవాళ్ళంతా చిట్టమ్మ వైపు చూశారు. ఆమె కళ్ళు మూసుకుని వేలి కణుపుల మీద లెక్క పెడుతోంది. యార్డు మూడు మాటలూ వరసగా చెప్పింది. వాటికి గురునాథరావు ఇచ్చిన మూడు జవాబులూ వరసగా చెప్పింది. నలభై ఒక్క రోజుల లెక్క కూడా చెప్పింది. గౌరీశ్వరి కాగితంతో సరిచూసుకుంది. తేడా రాలేదు.

"గురునాథంబాబూ," అంది చిట్టమ్మ. "కోపగించుకోకు. నా మీద రాసిందే బాగా రాసినావు. నా తరపున రాసింది ఏటీ బాగోలేదు."

గురునాథరావు బల్ల మీదికి వంగి, ఇరవై నాలుగో లైను నుంచి మళ్ళీ చూసుకున్నాడు.

"తాజా సేప తాజా సేపే, అంతన్నావు. మరి పడవ దిగని రోజు తాజా సేప ఎక్కణ్ణుంచొస్తాది? ఆళ్ళడిగిందదే. నువ్వు దానికి జవాబు సెప్పలేదు, పక్కనుంచి ఎల్లిపోయినావు."

అప్పలసూరి తెలియకుండానే తల ఊపాడు.

"పదకొండేళ్ళనుంచి ఇస్తన్నాను. పడవ దిగని రోజు ఈళ్ళు పప్పు తింతన్నారని నాకెవులూ సెప్పలేదు. మానుకుంతారు గావాలనుకున్నాను. మా ఇళ్ళల్లో ఆ పూట ఏటి తింతామో నన్నెవులూ అడగలేదు."

ఏం తింటారని భీమశంకరరావు అడిగాడు.

"ఎండు నెత్తళ్ళు. వంకాయేసి వండుతాం. ఎండ కాసినన్నాళ్ళూ ఆరేసి కుండలకెత్తుతాం. నలభై రోజులు కాదు, అరవై రోజులకిత్తాను. ఐసు కంపెనీ ఓడు సేపనిత్తాడు గాని ఎండు నెత్తళ్ళిత్తాడేటి?"

మిగిలిన రెండిటికీ కూడా ఆమే చెప్పింది. ముక్కలు ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు చేపది కాదు, కత్తిది. కోయడానికి తన మనుషుల్లోంచి ఒకరిని పెడుతుంది. దూరం పోయే కేరేజీ ముందు కట్టాలి, దగ్గర పోయేది ఆఖరున కట్టాలి. ఇన్నాళ్ళూ తిరగేసి కట్టినవాళ్ళు వంటగదిలోనే ఉన్నారు, ఆమె పేర్లు చెప్పలేదు. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

చెప్పి లేచి, చీర దులుపుకుని, ఎల్లారావు దగ్గరికి వెళ్ళింది.

"సగం ఇని సగం ఒగ్గీడానికి అదేటి, నీ పెళ్ళాం మాటనుకున్నావేటిరా?"

ఈసారి అందరూ నవ్వారు. ఎల్లారావు ఫోను ఒక్కటే ఉందని మళ్ళీ మొదలుపెట్టాడు గానీ ఎవరూ సగం కూడా వినలేదు.

శనివారం భీమశంకరరావు చిట్టమ్మ సరఫరా కొనసాగుతుందని ఉత్తర్వు ఇచ్చాడు. అందులో రాసిన మూడు షరతులూ ఆమె పెట్టుకున్నవే. దువ్వాడ నుంచి అభ్యంతరం రాలేదు. లారీలోని గొలుసులను యార్డులో దించారు, చీటీ సోమవారం పంపారు. గౌరీశ్వరి దువ్వాడ వెళ్ళి, తెర నిండగానే సందేశం తనంతట తానే ఆగేలా, మీట నొక్కితేగాని కదలకుండా ఏర్పాటు చేసి వచ్చింది. గోపాలపట్నానికి రెండో ఫోను కావాలని అర్జీ వెళ్ళింది. అర్జీ రాసినవాడు గురునాథరావు. రెండో ఫోను అవసరం లేదన్న వాదన అందులో మొదటి సగం. దాన్ని భీమశంకరరావు కత్తెరతో తీసేసి పైకి పంపాడు.

ఆదివారం సాయంత్రం అప్పలసూరి గోపాలపట్నం వచ్చి చెల్లెలి ఇంట్లో నోటుపుస్తకం తెరిచాడు. మొదటి ఇరవై మూడు లైన్లూ గౌరీశ్వరి దగ్గర ఎత్తి రాయించుకున్నాడు. వాటిని తాయారుకు గట్టిగా చదివి వినిపించాడు.

"మేం తొమ్మిదిమందిమి అరిసినా ఇంత బాగా రాలేదే," అన్నాడు. "బావ మా పక్క ఉండుంటే మేమే నెగ్గీవాళ్ళం."

"ఉన్నాడు కదా, ఇరవై మూడు లైన్లు," అంది తాయారు. ఆ తర్వాత మొగుడిని పిలిచి, అన్నం వడ్డిస్తున్నానని నోటితో చెప్పింది.

10వ తేదీ, బుధవారం తెల్లవారుజామున గాలి తిరిగింది. పోర్టు మీద హెచ్చరిక జెండా ఎక్కించారు. దాలయ్య పడవ దిగలేదు. ఏడున్నరకి చిట్టమ్మ క్యాంటీనులో రెండు కుండలు దించింది. దువ్వాడ కేరేజీలు ముందు కట్టారు. వ్యాను పన్నెండుంబావుకి యార్డు చేరింది. కూర ఎండు నెత్తళ్ళు, వంకాయ. సాయంత్రం ఐదింటికి గౌరీశ్వరి పుస్తకం మూసింది.

ఆ రోజు బోర్డు మీదికి క్యాంటీను గురించి సందేశాలు రాలేదు.